దుబాయి విల్లు, పక్కింటి కొలత

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే చాలు, మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. "నీ చిన్నప్పుడంటే మొన్ననే గదా, అప్పటికే సెల్‌ఫోన్లున్నయ్" అంటారు. ఉన్నాయి, కాదనను. కానీ తెలంగాణ ఇంకా రాలేదు. కొంపల్లి దాకా వచ్చిన అపార్ట్‌మెంట్లు మా శామీర్‌పేట దిక్కు ఇంకా తిరిగి చూడలేదు. మా పొలం పక్కన వెంచరు వాళ్ళు పాతిన హద్దురాళ్ళ మధ్య మేకలు మేసేవి. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఇప్పుడు ఈ ఇంటి పిల్లలందరికీ పెద్దదాన్ని నేనే కాబట్టి చెప్పే హక్కు నాదే. వినేవాళ్ళు వినండి, నవ్వేవాళ్ళు బయటికి పోయి నవ్వండి.

మా బడిలో డ్రిల్లు సారు వెదురు విళ్ళతో బాణాలు వేయడం నేర్పేవారు. అది నాకు పిచ్చిగా పట్టుకుంది. గడ్డిమోపు మీద అంటించిన కాగితం మధ్యలో బాణం దిగినప్పుడు వచ్చే చప్పుడు కోసం పొద్దున తినీ తినకుండా పరిగెత్తేదాన్ని. మా అబ్బా, అంటే మా నాన్న, ఆకుకూరలు పండించి మేడ్చల్ మార్కెట్‌కు వేసేవాడు. ఆడపిల్లకు విల్లేమిటని వాడలో నలుగురూ అంటున్నా, జిల్లా సెలక్షన్ల దాకా పోనిస్తానని ఒప్పుకున్నాడు. అందులో పేరొస్తే సరే, రాకపోతే ఇగ ఆ ముచ్చట బంద్ అని కూడా ముందే చెప్పాడు. అబ్బా ఒక మాటన్నాడంటే అన్నట్టే.

ఈ సంగతి ఫోన్లో దుబాయిలో ఉన్న మా మామూకు చేరింది. మా అమ్మీకి ఒక్కగానొక్క తమ్ముడు, ఎండలో బిల్డింగుల పని చేసేవాడు. సెలవు మీద వస్తూ పొడుగాటి డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. విప్పితే వేటవిల్లు. బయటి దేశాల్లో జింకల్ని కొట్టేదట. ఒళ్ళంతా ఆకుల బొమ్మలు, రెండు కొసలకూ చక్రాలు, ఆ చక్రాల మధ్య అటూ ఇటూ పోయే తాళ్ళు. ఇక్కడ వేటాడితే జైల్లో వేస్తారు కాబట్టి గడ్డిమోపునే కొట్టుకోవాలి. అయినా చూడడానికి వాడంతా వచ్చింది. మా దాదీ దిష్టి తగలకుండా దాని తాడుకు నల్లదారం కట్టింది. వెదురు విల్లు మరునాడే బడికి తిరిగి వెళ్ళిపోయింది.

మా ఇళ్ళల్లో దుబాయి నుంచి వచ్చిన వస్తువుకు ఒక మర్యాద ఉంటుంది. దాని మీది ప్లాస్టిక్ విప్పరు. మా ఇంట్లో మిక్సీకి, టీవీ రిమోటుకు, గోడ గడియారానికి ఆ కవర్లు అట్లాగే ఉండేవి. విల్లు పిడికి చుట్టిన ప్లాస్టిక్ కూడా మామూ విప్పనివ్వలేదు. డబ్బాతోపాటు స్క్రూలు తిప్పే చిన్న చిన్న పానాలు వచ్చాయి. ఎవరైనా తిప్పి కంపెనీ సెట్టింగ్ ఖరాబ్ చేస్తారని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అది ఏ ఆరడుగుల మనిషి భుజాలకో సెట్ చేసిన విల్లు. నేనేమో పుల్లలాగ ఉండేదాన్ని.

అప్పటి నుంచి మొదలైంది నా ఖర్మ. తెల్లారి నమాజు కాగానే అబ్బా లేపేవాడు. వెంచరు ప్లాట్లలోకి తీసుకుపోయి నిలబెట్టి, "జోర్ లగా బేటీ, జోర్ లగా" అనేవాడు. నేను విల్లును ఆకాశానికి ఎత్తి, నడుము వంకర తిప్పి, పళ్ళు కొరుక్కుంటూ లాగినా తాడు సగం దాకా వచ్చేది కాదు. సగంలోనే వదిలిన బాణం ఎటో పోయేది, తాడు వచ్చి మోచెయ్యి లోపలివైపు కొట్టేది. చెయ్యంతా నీలం మచ్చలు. అవి కనబడకుండా మండే ఎండల్లో కూడా పొడుగు చేతుల కుర్తాలే వేసుకునేదాన్ని. బలం అదే వస్తుందని అబ్బా, బాదం పప్పులు నానబెట్టి తినిపిస్తే వస్తుందని అమ్మీ అనేవారు.

నొప్పి అని ఎందుకు చెప్పలేదంటారా? ఎట్లా చెప్పను? చెబితే అంత కష్టపడి తెచ్చిన మామూ మనసు విరుగుతుంది. అబ్బా అయితే, నొప్పయితే మానెయ్ అంటాడు, ఆయనకు కావలసింది కూడా అదేనేమో. ఎటు తిరిగినా గోడే. రాత్రి పడుకునేటప్పుడు తెల్లారకూడదని దువా చేసుకునేదాన్ని. నాకు ప్రాణమైన ఆటే నన్ను పట్టుకుని కూర్చుంది, విదిలించుకుందామంటే దారి లేదు.

ఇంతకీ మందు మా గోడకవతలే ఉంది. పక్కింటి అక్క ఒకప్పుడు రాష్ట్రం తరఫున విలువిద్య ఆడిన మనిషి. ఇంటి ముందు గదిలోనే విళ్ళకు కొలతలు సరిచేసే పని పెట్టుకుంది. బహదూర్‌పల్లి, కొంపల్లి నుంచి పెద్ద స్కూళ్ళ పిల్లలు కార్లలో విళ్ళు పట్టుకుని వచ్చేవారు. తాళ్ళు మార్చడానికి విల్లును నొక్కిపట్టే యంత్రం కూడా మేడ్చల్‌లో లేత్ షాపులో దగ్గరుండి చేయించుకుంది. నోరు మాత్రం మస్తు పెద్దది, కార్లలో వచ్చిన వాళ్ళను కూడా గద్దించేది. మా అబ్బాకు మాత్రం ఆమె ఆదివారం చర్చికి పోయే పక్కింటి మనిషి, కరివేపాకు కోసం వచ్చే మనిషి, అంతే. ఒకసారి గోడ మీదుగా ఆమే అడిగింది, గా విల్లు ఒకపారి పట్కరా చూస్త అని. కొత్తదానికి రిపేరేంది అని మామూ నవ్వేశాడు.

సెలక్షన్లు వారం ఉన్నాయనగా ఒక ఆదివారం మా ఇంట్లో దావత్. చుట్టాలంతా వచ్చారు. దుబాయిలో దోస్తులకు చూపించాలని, నేను విల్లు పూర్తిగా లాగి నిలబడ్డ ఫోటో కావాలన్నాడు మామూ. పిల్లలు తిరుగుతున్నారని అమ్మీ బాణం పెట్టనివ్వలేదు. నా మణికట్టుకు పట్టీ కట్టి, దానికున్న కొక్కేన్ని తాడుకు తగిలించారు. ఆ కొక్కేనికి చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కితే తాడు వదిలేస్తుంది. నాతో కాదని మామూనే వెనక నిలబడి తాడును నాతోపాటు లాగాడు. చక్రాలు తిరిగాయి. చివరికంటా వచ్చాక బరువు ఒక్కసారిగా తగ్గింది. ఆ రకం విల్లు అంతే, చివర్లో తేలికైపోతుంది. తాడు నా చెవి దాటి వెనక్కి పోయింది. మామూ చేతులు తీసి, ముందుకు పరిగెత్తి ఫోటో కొట్టాడు. అందరూ చప్పట్లు.

"ఛోడ్ దే" అన్నాడు మామూ.

నేను వదల్లేదు. బాణం లేకుండా వదిలితే విల్లు ముక్కలవుతుందని, ముక్కలు ముఖంలోకి ఎగురుతాయని డ్రిల్లు సారు వెదురు విల్లుకే వందసార్లు చెప్పేవారు. పోనీ మెల్లగా ముందుకు పోనిద్దామని కాస్త సడలించాను. అంతే, విల్లు నన్ను ఎద్దు గుంజినట్టు గుంజింది. భయంతో ఉన్న బలమంతా పెట్టి మళ్ళీ వెనక్కి లాగాను. ఇప్పుడు వదల్లేను, దించలేను. కొక్కెం చేతికి కట్టి ఉంది, విప్పుకోలేను. చేతులు వణకడం మొదలైంది. ఒకరు వదులు అంటారు, ఒకరు పట్టుకో అంటారు, దాదీ దువా చదువుతోంది. అమ్మీ నా దగ్గరికి రాబోతే అబ్బా వెనక్కి లాగాడు. వారాల తరబడి లోపల ఉన్నది అప్పుడు అందరికీ కనబడేట్టు బయట నిలబడింది. లాగడం తెలిసిన మామూకు దించడం తెలియదు, ఫోటో తీసిన చోటే నిలబడ్డాడు.

"నక్కో ఛోడో! వదలకు బిడ్డా!" అని గోడ మీది నుంచి కేక. చర్చి నుంచి వచ్చిన పట్టుచీరతోనే పక్కింటి అక్క గోడ దూకి వచ్చింది. వస్తూనే మామూను పక్కకు నెట్టింది.

"మొదలు గా మీట మీదికెల్లి వేలు తియ్యి" అంది. తీశాను. నా వెనక నిలబడి ఎడమ చేత్తో పిడి మీద నా చేతిని, కుడి చేత్తో తాడును పట్టుకుంది. "ఇగ గిది నా చేతులున్నది. మెల్లగ ముంగటికి రా. గుంజుతది, గుంజనియ్యి. నేనున్న." ఇద్దరం కలిసి ముందుకు వచ్చాం. చక్రాలు వెనక్కి తిరిగాయి, తాడు తన చోటికి తాను వచ్చింది. నేను నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను.

"నొప్పెక్కడ?" అని అడిగిందామె. అన్ని రోజుల్లో ఎవరూ అడగని మాట అది. నేను కుర్తా చెయ్యి పైకి లాగాను. అమ్మీ "హాయ్ అల్లా" అని నోరు మూసుకుంది. అబ్బా ఆ మచ్చల వైపు చూసి తల తిప్పుకున్నాడు.

మామూ మాత్రం ఇంకా దిగిరాలేదు. "కొత్త మాల్ చెల్లె. కంపెనీల సెట్ జేసి పంపిన్రు" అన్నాడు. అక్క వాదించలేదు. మళ్ళీ గోడ దూకి, తన దగ్గర నేర్చుకునే చిన్నపిల్లల కోసం సరిచేసి పెట్టిన విల్లు ఒకటి తెచ్చింది. బాణం పెట్టి మామూ చేతికిచ్చి, "గిది గూడ కొత్తదే భాయ్, గిది గూడ కంపెనీదే. కొట్టు" అంది. మామూ ఉషారుగా లాగాడు. చెయ్యి ఛాతీ దగ్గరికి కూడా రాకముందే ఆగిపోయింది. ఇంకా లాగబోతే రాదు. మోచెయ్యి ముందుకు పొడుచుకొచ్చి, మెడ వంచి, భుజాలు దగ్గరికి ముడుచుకుని నానా తిప్పలూ పడి వదిలాడు. బాణం గడ్డిమోపు మీదుగా పోయి మా పాలకూర మడిలో పడింది. అందరికన్నా ముందు నవ్వింది దాదీ.

"ఇరుకైతాంది" అన్నాడు మామూ సిగ్గుగా.

"నీకు గిది ఇరుకు, నీది ఆమెకు ఎక్కువ. విల్లు మంచిదే, చాన మంచిది తెచ్చినవ్. కొల్తలు తియ్యకుంట కుడితే షేర్వానీ నీకు వడ్తదా?" అంది అక్క. మామూ లోపలికి పోయి బీరువా తెరిచి పానాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పిడి మీది ప్లాస్టిక్ కూడా తనే చరచరా చింపేశాడు.

ఆ సాయంత్రమంతా అక్క గదిలోనే ఉన్నాం. నన్ను గోడకు ఆనించి చేతులు బార్లా చాపమని, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా దర్జీ టేపుతో కొలిచింది. విల్లును యంత్రంలో బిగించి చక్రాలను సర్దింది, లాగే బరువు తగ్గేట్టు విల్లు రెండు కొమ్ముల దగ్గరి బోల్టులు పైనా కిందా సమానంగా వదులు చేసింది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కాళ్ళు గాల్లోకి చాపి, విల్లు పైకెత్తకుండా నేరుగా లాగమంది. అట్లా లాగగలిగితేనే ఆ బరువు నాదట. రాలేదు. ఇంకొంచెం వదులు చేసింది. వచ్చింది. తాడు వచ్చి నా దవడ కింద ఆగింది, అక్కడే దాని చోటన్నట్టు. బాణాలను నా పొడవుకు కోసింది. దాదీ కట్టిన నల్లదారం తాడు పరుగుకు అడ్డమని విప్పి, పారెయ్యకుండా పిడికి కట్టింది. దిష్టి విల్లుకు గదా తాకేది దాదీ, తాడుకు కాదు అని నచ్చజెప్పింది.

తర్వాత రెండు రోజులు నన్ను ఒక్క బాణం కూడా వెయ్యనివ్వలేదు. లాగు, దించు. లాగు, దించు. అంతే. విసుగొచ్చి గొణిగితే, "కొట్టుడు ఎవలైన కొడ్తరు. గుంజినంక దించుడు రాకుంటె మొన్నటి లెక్కనే నిలవడ్తవ్" అంది. మూడో రోజు బాణం ఇచ్చింది. గడ్డిమోపులో ఆ చప్పుడు మళ్ళీ విన్నాను. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదని ఒట్టేసి చెబుతాను.

సెలక్షన్లకు అబ్బా బండి మీద తీసుకుపోయాడు. అక్కడికి వచ్చిన పిల్లలు ఏళ్ళ నుంచి నేర్చుకుంటున్నవాళ్ళు. నా వంతులో ఒకసారి పూర్తిగా లాగాక గాలి తిరిగింది, చెయ్యి కుదరలేదు. జనం ముందుకు రాకుండా కట్టిన తాడు వెనక అబ్బా నిలబడి చూస్తున్నాడని తెలుసు. వదిలెయ్యాలనిపించింది. వదల్లేదు. మెల్లగా దించాను. వెనక ఎవరో పిల్లకు చాతనైతలేదని కిసుక్కున నవ్వారు. ఊపిరి తీసుకుని మళ్ళీ లాగి కొట్టాను, బాగా తగిలింది. బాణాలు చాలావరకు బాగానే పడ్డాయి. కానీ సాయంత్రం పేర్లు చదివితే నా పేరు రాలేదు.

పేర్లు చదవడం కాగానే అబ్బా బండి తీశాడు. బండి వెనక విల్లును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇదే ఆఖరుసారి దీన్ని పట్టుకోవడమని తెలుసు, అన్న మాట అబ్బా తిప్పుకోడు. దేవరయాంజాల్ దాటుతుంటే ఎదురుగాలికి కళ్ళు మండాయి. గాలికేనని నాకు నేను చెప్పుకున్నాను.

బండి మా ఇంటి ముందు ఆగలేదు. అక్క గేటు ముందు ఆగింది. అబ్బా దిగి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ కాసేపు నిలబడ్డాడు. అక్క బయటికి వచ్చి మా ముఖాలు చూసింది.

"పేరు రాలే చెల్లె" అన్నాడు అబ్బా. నా వైపు చూపించాడు. "పిల్ల ఇంకా పెరుగుతది గదా. మళ్ల కొల్తలు ఎప్పుడు తియ్యాలె?"

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక విల్లును గట్టిగా పట్టుకుని అక్కడే బండి మీద ఏడ్చేశాను. ఎదిగే పిల్ల గదా, ఆర్నెల్లకోపారి తీస్కరా అన్నా అంది అక్క.

ఆ తర్వాత నా బతుకులో నన్ను చివరికంటా లాగి నిలబెట్టి, ఇగ వదిలెయ్ అన్నవాళ్ళు చాలామంది వచ్చారు. చదువులో, పెళ్ళి మాటల్లో, ఉద్యోగంలో. అందరూ నా మంచి కోరినవాళ్ళే. నేను వదిలెయ్యను, వణుకుతూ నిలబడను కూడా. మెల్లగా దించి, ఇది నా కొలత కాదు అని చెబుతాను. ఆ మాట అంటే ఎదుటివాళ్ళకు కోపమే వస్తుందని చిన్నప్పుడు ఎంత భయపడ్డానో. కొందరికి వస్తుంది, రానీ. కొందరు మాత్రం తువ్వాలు నలుపుకుంటూ నిలబడి, మరి నీ కొలత ఎంత అని అడుగుతారు. మా అబ్బా అడిగాడు.