రంగుటద్దాల గది

కొత్తపేటలో చీరలకు ఫాల్ కుట్టి జీవించే హెప్సిబా తన అత్తవారింటికి పెద్దకోడలు. ఆదివారపు ఆరాధనలో ఆమె లేచి దేవుడు చేసిన మేలును గురించి సాక్ష్యం చెప్పిన తరువాతనే ఆ కుటుంబంలో తక్కినవారు చెప్పడం ఆనవాయితీ. ఆ వరుస తప్పించినది ఎల్బీ నగర్‌లో కాపురముండే తోటికోడలు జాస్మిన్. నిరుడు పెళ్లిరోజున భర్తతో కలిసి, హోటలుగా మార్చిన ఒక నవాబు దేవిడీలో, అంటే పాత మహలులో, బసచేసి వచ్చి, అక్కకంటె ముందే లేచి, "రంగుటద్దాల వరండా ఉన్న గది. దేవుడు మమ్ముల నవాబుల మంచం మీద పండవెట్టిండు" అన్నది. సంఘమంతా హల్లెలూయ పలికింది.

నాటినుండి హెప్సిబా కుట్టు తిన్నగా సాగలేదు. తానూ అక్కడ ఉండి, అంతకు మించిన సాక్ష్యం చెప్పాలి. ఏడాదంతా భర్త ఎబినేజరును సాధించి, తమ పెళ్లిరోజున అతణ్ణి ఆ దేవిడీకి తీసుకుపోయింది.

"రంగుటద్దాల గది ఏది? మాకు అదే గావాలె" అని హోటలు గుమాస్తాను అడిగింది.

"పైన ఉందమ్మా. అందులో వేరేవాళ్లు దిగారు. మీది కింది గది, అదీ బాగుంటుంది."

హెప్సిబా సంచి గదిలో పడవేసి, వాకిట రాతి అరుగుమీద కూర్చుండి, సాయంత్రమంతా పైకే చూసింది. ఎర్ర గాజు, పచ్చ గాజు, వాటి వెనుక ఎవరిదో నీడ.

"మెడ పట్టుకుంటది. లోపలికొచ్చి మంచం జూడరాదే" అన్నాడు ఎబినేజరు.

"నువ్వు జూస్కో. జాస్మిన్ పండింది కింద గాదు."

మరునాటి కాఫీ కూడా ఆ అరుగుమీదనే తాగింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యానికి అందరికంటె ముందు లేచింది. పచ్చ గాజులోనుండి ఎండ ఎట్లు పడుతుందో, తెర ఎట్లు ఊగుతుందో తనివితీర వర్ణించింది. పక్కనుండి జాస్మిన్ మెల్లగా అన్నది: "అక్కా, అది మేమున్న గది గదా. మీరు కింద దిగిండ్రని బావ చెప్పిండు. మీ గది ముచ్చట చెప్పు."

హెప్సిబా నోరు తెరిచింది. తన గదికి కిటికీ ఉన్నదో లేదో కూడా గుర్తురాలేదు. పాస్టరు అయ్యగారు ఎదురుచూస్తున్నారు. అప్పుడు మగవారి వైపునుండి ఎబినేజరు లేచాడు.

"మంచానికి మెట్లుండె అయ్యగారు. ఎక్కినంక దిగబుద్ధి కాలే. కిటికీ పక్కన దానిమ్మ చెట్టు. పొద్దుగాల పిట్టలే లేపినయి. దేవునికి స్తోత్రం."

ఈసారి హల్లెలూయ నిరుటికంటె బిగ్గరగా లేచింది. ఏడాదిగా తోటికోడలి మీద ఉన్న హెప్సిబా అసూయ ఇప్పుడు భర్త మీదికి మళ్లింది. తిరుగు ఆటో దిల్‌సుఖ్‌నగర్ దాటింది.

"ఆ చెట్టుకు కాయలుండెనా?" అని హెప్సిబా అడిగింది.

"నువ్వు గూడ ఆడనే ఉంటివి గదనే" అన్నాడు ఎబినేజరు.