ఇంధనం: కట్టెలు

ఎమ్మిగనూరులో నేను పనిచేసిన నూనె మిల్లు బాయిలరుకు ఏడాది పొడుగునా ఒకటే తిండి, బుడ్డల పొట్టు. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. కాయ ఒలిచాక వచ్చే పొట్టు మిల్లు ఆవరణలోనే గుట్టగా పడి ఉండేది కాబట్టి వేరే ఏదీ కొనే పని లేదు. అది భగ్గున మండుతుంది, మండినంత తొందరగా నల్లటి రేకులై పొగగొట్టంలోంచి ఎగిరిపోతుంది. ఆ మసి ఎక్కడ పడుతుందని మిల్లులో ఎవరూ అడిగేవారు కాదు. నేను అడగాల్సిన అవసరమే లేదు. వెనక గోడకు అవతల నేతగాళ్ల వీధి, అందులో మూడో ఇల్లు మా అక్కది.

మాదీ మగ్గం ఇల్లే. అక్క తన పెళ్లయ్యాక కూడా నన్ను దగ్గరే పెట్టుకుని ఆదోని కాలేజీలో బీఎస్సీ చదివించింది. బావ ఒక్క మాట అనలేదు. డెబ్భైల చివర్లో నాకు మిల్లులో కెమిస్టు పని దొరికినప్పుడు నాకన్నా ఆమే ఎక్కువ మురిసింది. కెమిస్టంటే నూనెలో పులుపెంతో చూడటం, బుడ్డలు పిండాక మిగిలే చెక్కలో ఇంకా నూనె ఎంత ఉందో చూడటం. పెద్ద విద్యేమీ కాదు. అక్క మాత్రం వీధంతా "మా తమ్ముడు మిల్లులో సైంటిస్టు" అని చెప్పుకునేది.

బావ నేసేది తెల్ల పంచెలు, సన్న నూలు. రంగు గుడ్డ నేయడం ఆయనకు నామోషీ. "రంగు తప్పులు దాస్తాదప్పా, తెలుపు దాయదు" అనేవాడు. పొద్దు పొడవకముందే వీధి పొడుగునా పడుగు నూలు చాపి, రెండు చివరలా గుంజలకు బిగించి, ఆలుమగలిద్దరూ చెరొక పక్క నిలబడి కుంచెతో గంజి పూసేవారు. ఎండ ముదిరేలోగా గంజి ఆరాలి, పోగులు విడివడాలి. ఆ తడి మీద ఒక్క మసి రేకు పడిందా, ఇక అంతే. తుడిస్తే ఇంకా పాకుతుంది. కడుగుదామంటే గంజి పోతుంది. పంచెలో ఆ పోగు ఉన్నంత మేరా నల్ల గీత. నూలిచ్చి గుడ్డ తీసుకునే నేతగాళ్ల సొసైటీలో గుడ్డ విప్పి చూసి "రెండో రకం" అని పక్కకు తోసేవారు. బావకు ఆ మాట చెంపదెబ్బ.

"నీ నోట్లో మన్ను పడ" అని అక్క మిల్లు గొట్టాన్ని చూసి తిట్టేది. అప్పుడు నేను గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ ఉండేవాణ్ణి. నా వైపు తిరిగి "నిన్ను గాదులేరా" అనేది.

ఎనభైల్లో గాలికి కూడా చట్టం వచ్చింది. ఏడాదికోసారి పొగగొట్టానికి పరీక్ష చేయించి, ఆ లెక్కలు హైదరాబాదులో గాలి సంగతి చూసే ఆఫీసుకు పంపాలి. పరీక్ష చేసేవాళ్లు ఫలానా రోజు వస్తామని ముందుగా ఉత్తరం రాసి మరీ వచ్చేవారు. చుట్టాలు కూడా అంత మర్యాదగా రారు. ఉత్తరం అందగానే మా మేనేజరు గొట్టం గీకించి శుభ్రం చేయించేవాడు, పొట్టంత మసి రాని ఎండు తుమ్మ కట్టెలు బండెడు తెప్పించేవాడు. "వాళ్లు పోయేదాంక కట్టెలే కాలబెట్టల్ల. పొట్టు ముట్టుకోవాకండి" అని బాయిలరు దగ్గరి మనుషులకు చెప్పేవాడు. పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టుకున్నట్టు. పరీక్షవాళ్లు నిచ్చెనెక్కి, గొట్టానికున్న కంతలో బోలు ఊచ దూర్చి పొగ పీల్చి, వడపోతలో చేరిన మసిని తూచుకుని పోయేవారు. వాళ్ల తూకంలో మోసం లేదు. వాళ్లు వెళ్లిన మర్నాడు మళ్లీ పొట్టే.

చాలా ఏళ్లు ఆ లెక్కలు టైపు కొట్టి పంపాం. ఎనభైల చివర్లో ఆదోని మార్కెట్ యార్డు దగ్గరున్న మా హెడ్డాఫీసుకు కంప్యూటరు వచ్చింది. దానికొక ప్రత్యేకమైన గది, గదికి ఏసీ, చెప్పులు బయటే విప్పాలి. గుడికి కూడా అంత మడి లేదు. హైదరాబాదు ఆఫీసువాళ్లు ఎట్లా పనిచేస్తుందో చూద్దామని కొన్ని మిల్లులకు ఒక ప్రోగ్రామును ఫ్లాపీలో పంపారు. అది అడిగినవన్నీ నింపి, ఆ ఫ్లాపీనీ, కెమిస్టు సంతకం పెట్టిన ప్రింటునూ రిజిస్టరు పోస్టులో తిరిగి పంపాలి. నేను పరీక్ష కాగితాలు సంచిలో పెట్టుకుని ఎర్రబస్సెక్కి ఆదోని పోయాను.

ఆపరేటరు నా ఈడువాడే. దూది వ్యాపారం చేసే ఆదోని సాయిబుల కుటుంబం, బొంబాయిలో కంప్యూటరు నేర్చుకుని వచ్చాడు. నేను చదువుతుంటే అతను కొట్టాడు. గొట్టం ఎత్తు, పొగ వేడి, దుమ్ము ఎంత, అన్నీ సాఫీగా పోయాయి. ఆ తర్వాత ప్రోగ్రాము ఇంధనం ఏదని అడిగింది. ఒకటి బొగ్గు, రెండు నూనె, మూడు కట్టెలు. అంతే.

"బుడ్డల పొట్టు ఏదీ?" అన్నాను.

"లేదు భాయ్."

"ఖాళీగా వదిలెయ్యి."

వదిలాడు. తెర కదల్లేదు, అదే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. "ఖాలీ ఉంటే ముందుకు పోనీదు భాయ్, మొండిది. మూడు కొడదామా? పొట్టు గూడా చెట్టుదే కదా" అని నవ్వాడు.

బుడ్డలు భూమిలో కాస్తాయని చెప్పి నేనూ నవ్వాను. పరీక్ష రోజున కాలింది కట్టెలే కదా, అబద్ధమేమీ కాదని నాకు నేను చెప్పుకున్నాను. మూడు కొట్టాడు. ఈ ఇంధనం ఏడాదిలో ఎన్ని నెలలు వాడతారని తర్వాతి ప్రశ్న. పన్నెండు అన్నాను. అది మాత్రం పచ్చి అబద్ధం. చివర్లో వ్యాఖ్యలకని రెండు వరసల చోటుంది.

"ఈడ రాద్దామా, పొట్టు కాలుస్తామని? దీంట్లో ఏం రాసినా తీసుకుంటాది" అన్నాడు అతను.

రెండు వరసలు చాలు. నాకు ఇంగ్లీషు మాటలు కూడా నాలుక మీదికి వచ్చాయి. అంతలో మేనేజరు గుర్తొచ్చాడు. అంతకుముందు ఒకసారి నేను పొట్టు సంగతి ఎత్తితే, "తిన్నింటి వాసాలు లెక్కబెట్టేవాళ్లు మాకొద్దప్పా" అన్నాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదు అనుకున్నాను.

"ఏమీ లేవని కొట్టు" అన్నాను. అతను నా ముఖంలోకి ఒకసారి చూసి, కొట్టాడు. ప్రింటు కింద సంతకం చేసి వచ్చేశాను.

ఆ ఏడు బుడ్డలు బాగా పండాయి. కార్తీకం నుంచి మిల్లు ఆగకుండా తిరిగింది. పొద్దున్నే వీధిలోకి వస్తే పడుగుల మీద నల్ల జీలకర్ర చల్లినట్టు మసి. బావవి వరసగా మూడు పడుగులు పాడయ్యాయి. ఇంకొకటి ఇట్లా వస్తే ఇక సన్న నూలు ఇచ్చేది లేదని సొసైటీవాళ్లు ఖండితంగా చెప్పారు. మసి ఆగాలి, లేదా ఆయన తెల్ల పంచె మానాలి. మిల్లులో నేను కుక్కిన పేనులా నా గదిలో కూర్చుని నూనె పులుపు చూస్తున్నాను.

మాఘం దాటాక ఒకరోజు అక్క నన్ను పిలిపించి, లోపలికి రాగానే తలుపు వేసింది. పెట్టెలోంచి ఒక కవరు తీసింది.

"నీకు సెప్పకుండా ఒక పని సేసినాం రా. మిల్లు మీద ఐదరాబాదుకు అర్జీ పెట్టినాం. వీధిలో ఆడోళ్లమంతా ఏలిముద్రలేసినాం. నీతో రాయిస్తే నీ పనికి యాడ ముప్పొస్తాదోనని బడి అయివారితో రాయించినాం. ఇదిగో జవాబు. ఇంగిలీసులో ఉంది. సదువు."

బావ మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. చేయి ఆపి నా వైపు చూశాడు.

మొదటి కాగితంలో నాలుగు ముక్కలు. మీ ఫిర్యాదు పరిశీలించాము, మిల్లు పంపిన వివరాలు జతచేశాము, పొట్టు వాడుతున్న దాఖలా లేదు, చర్య అవసరం లేదు. రెండో కాగితం జిరాక్సు. ఇంధనం కట్టెలు. పన్నెండు నెలలు. దుమ్ము పరిమితి లోపల. వ్యాఖ్యలు ఏమీ లేవు. అన్నీ తెలుగు చేసి చదివాను. అన్నిటికన్నా కింద నా సంతకం ఉంది, దాన్ని చదవలేదు.

"కట్టెలా?" అంది అక్క. "రోజూ సూస్తాండాం గదరా, పొట్టు గాదా ఆడ కాలబెట్టేది? ఎవురు రాసినారు ఆ మాట?" అని వంగి, సరిగ్గా నా సంతకం మీద వేలు పెట్టింది. ఆమె తెలుగే కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "కంప్యూటరు రాసిందక్కా" అన్నాను.

"అదేంది?" అన్నాడు బావ.

"మిషను."

ఆయన తల దించుకుని, మళ్లీ నేయడానికి నాడె అందుకున్నాడు. అక్క కాగితాలు మడిచి కవర్లో పెట్టింది. "పోనీలే. మిషనుకేం తెలుస్తాది. నీ దాంక రాలేదు, అదే సాలు. కూసో, సంగటి తిందువు" అంది. కూర్చుని తిన్నాను. చెప్పి ఉంటే ఆమె నన్ను తిట్టేది కాదు, కొట్టేది కాదు, క్షమించేది. నేను భయపడింది దానికే. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఉగాదికి ముందే ఇంకొక పడుగూ పాడైంది, సొసైటీ నూలు ఆపేసింది. రంగు గుడ్డ నేయమంటే బావ వినలేదు, మగ్గం విప్పేశాడు. అప్పుడే మిల్లులో బాయిలరుకు పొట్టు మోసిపోసే మనిషి కావాల్సి వచ్చింది. మేనేజరుతో మాట్లాడి ఆ పని బావకు నేనే ఇప్పించాను. మొదటి రోజు సాయంత్రం ఆయన తల నుంచి కాళ్ల దాకా మసితో ఇల్లు చేరాడు, కళ్లు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి. అక్క ఆయనకు వేడినీళ్లు తోడుతూ, గడపలో నిలబడిన పొరుగామెతో అంటోంది:

"మా తమ్ముడే మాట్లాడి ఇప్పించినాడు. వాడు లేకుంటే మా గతి ఏం గావల్ల?"