ఎమ్మిగనూరు బాడిస

ఆదివారం పొద్దున అయిదున్నరకు గుంతకల్లులో ప్యాసింజరు ఎక్కాను. పాత వడ్రంగి పనిముట్ల కోసం ఇలా ఊళ్లు పట్టుకు తిరగడం ఎనభైల మొదట్లో నాకొక పిచ్చి. మా నాన్న వడ్రంగి. ఆయన పోయాక, గుమాస్తా ఉద్యోగం దొరికిన మురిపెంలో ఆయన సామాన్లన్నీ పాత ఇనుము కింద తూకానికి వేసినవాణ్ణి నేనే. ఆ తప్పు మనసును తొలుస్తుంటే, ఎవరెవరి ఇళ్లలోవో కొని తెచ్చి గోడకు తగిలించుకునేవాణ్ణి. చిత్రికలు, ఉలులు దొరికాయి. నాన్న కర్ర చెక్కిన బాడిసలాంటిది మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఏడింటికి ఆదోని. స్టేషను బయట ఉగ్గాని, బజ్జీ తిని, మిల్లుల వెనక పాత ఇనుము అంగళ్లు తిరిగాను. మూడో అంగడి ముసలి సాహెబు నన్ను గుట్టలో చేయి కూడా పెట్టనివ్వలేదు.

"బాడిసలు యాడుంటాయన్నా, అన్నీ కరగనీకి పోయినాయి. ఎమ్మిగనూరులో మగ్గాలు సేసే వడ్లాయన పోయినాడు. ఆయమ్మ సామాన్లు అమ్ముతాందంట. నేను పోతే తూకానికైతే ఈయను అని ఎళ్లగొట్టింది. నువ్వన్నా పో."

తొమ్మిదింటి బస్సులో నిలబడే చోటు దొరికింది. ఇరుపక్కలా ఏరేసిన పత్తిచేలు. గంటకు పైనే పట్టింది. నేతగాళ్ల వీధిలో ఇంటింటా మగ్గాల చప్పుడు. చప్పుడు లేని ఇల్లే వడ్రంగిదని ఒకాయన చూపించాడు.

వడ్రంగి భార్య ఈరమ్మకు అరవై దాటి ఉంటాయి. గోనెపట్ట మీద భర్త పనిముట్లు పరిచి ఉంచింది. బాడిస పిడి చెమటకు నల్లబడి, బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది.

"మాదీ వడ్లోళ్ల ఇల్లేనమ్మా" అంటూ చేయి చాచాను.

ఆమె అందివ్వలేదు. బాడిసను నేల మీద పెట్టి నా మొహంలోకి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. పదునున్న పనిముట్టు మా ఇళ్లలో చేతిలోంచి చేతికి ఇవ్వరు. కింద పెడితే తీసుకోవాలి. నాన్న ఎన్నిసార్లు చెప్పాడో!

"వడ్లోళ్ల ఇంట్లో పుట్టి సేయి సాపితివే! పని మానేసినావా అప్పా?"

సిగ్గుతో తల వంచుకున్నాను. "మానేసినానమ్మా. గోడకు తగిలించుకుందామని."

"గోడకైతే ఈయను. ఆయప్ప సేతిలో ఒగ పొద్దన్నా ఊరికే ఉండలేదు ఇది." మూలనున్న మంచం చూపించింది. "దాని సీల ఊడిపోయింది. బిగిస్తా అనె, అంతలోనే పాయె. నువ్వు సెక్కు, సూస్తా."

మొదటి చీల నిలువునా చీలింది. రెండోది సన్నబడి వదులైంది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టింది. కలం పట్టిన అరచేతిలో బొబ్బలు లేచాయి. మూడో చీల రెండింటికి బిగిసింది. ఈరమ్మ మంచం మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూసింది. కిర్రుమనలేదు.

"ఆయప్ప సేసినట్ల లేదులే" అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తీస్కపో. ఊరికే పెట్టగాకు." బాడిసను మళ్లీ నేల మీదే పెట్టింది. ఈసారి వంగి తీసుకున్నాను. ఆమె అడిగినంత ఇచ్చాను, బేరమాడలేదు.

నాలుగింటి బస్సులో ఆదోని చేరి, సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చున్నాను. ఈ దారిన పాత పనిముట్ల కోసం వెళ్లేవారికి ఒక మాట చెప్పాలి. గోడకు మేకులు కొట్టి బయలుదేరకండి. అక్కడి వాళ్లు అమ్మేది ఇనుము కాదు.

ఎదుటి బల్ల మీది రైతు నా సంచిలోంచి బయటికొచ్చిన పిడిని చూశాడు. "వడ్లాయనవా అన్నా? దున్నుదామంటే మా మడక మేడి ఇరిగింది, సేసేటోడు దొరకడంలే."

పొద్దున అడిగి ఉంటే కాదనేవాణ్ణి.

"ఏ ఊరు మీది?" అన్నాను. "ఆదివారం వస్తా."