‘విత్ ఇమ్మీడియట్ ఎఫెక్ట్’, సక్రి బర్రె

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, 2017 వానాకాలంలో, నేను కురవి వైపు ఒక గ్రామ పశువైద్యశాలలో అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. ఒకరోజు పొద్దున తండా నుంచి సక్రి అనే ఆవిడ కబురు పంపింది. నొప్పులు మొదలై చాలా సేపైనా ఆమె బర్రె ఈనలేదు. వాళ్ల ఇల్లు గడిచేది ఆ ఒక్క బర్రె పాల మీదే.

వెళ్లి చెయ్యి పెట్టి చూస్తే దూడ తల పక్కకు మళ్లి ఉంది. అలాంటప్పుడు ముందుకాళ్లకు, దవడకు తాళ్లు వేసి, తలను సరిచేసి, బర్రె ముక్కినప్పుడల్లా లాగాలి. పని మొదలుపెట్టే ముందు ప్రార్థించడం నా అలవాటు. కళ్లు మూసుకోగానే సక్రి అంది: “సారూ, నీ దేవునికి జర జల్ది చెప్పు. బర్రె ఆగేటట్టు లేదు.”

తాళ్లు వేసి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి ఉన్నప్పుడు మా అటెండర్ ఐలయ్య బండి మీద వచ్చాడు. వెనక ఒక యువ డాక్టరు ఉన్నాడు. నన్ను భూపాలపల్లి వైపు బదిలీ చేసి, ఈయనను నా స్థానంలో వేశారు. ‘విత్ ఇమ్మీడియట్ ఎఫెక్ట్’, అంటే తక్షణమే, నేను రిలీవ్ అయినట్టు ఉత్తర్వు.

“చదివి వినిపిచ్చిన సార్. ఇగ మీరు ఇక్కడి డాక్టరు కాదు” అన్నాడు ఐలయ్య, బాధగానే.

నేను చెయ్యి తీయలేదు. కొత్తాయనను తాడు అందుకోమన్నాను. తాను ఇంకా చార్జి తీసుకోలేదనీ, ముట్టుకున్నాక బర్రెకు ఏమైనా అయితే సంజాయిషీ తానే ఇచ్చుకోవాలనీ ఆయన మర్యాదగా చెప్పాడు. చార్జి తీసుకోవడమంటే మందులు, పరికరాలు ఒక్కొక్కటీ కళ్లతో చూసుకుని సంతకం పెట్టడం.

సక్రి అంతా విన్నది. “ఈ సారు డాక్టరు కాదాయె, ఆ సారు ఇంకా కాకపాయె. మరి నా బర్రె లోపల ఉన్న చెయ్యి ఎవరిది ఐలన్నా?”

ఐలయ్య చార్జి జాబితా తెరిచాడు. ఆస్పత్రిలోని సామానంతా ఇక్కడికి వచ్చే ముందే ఇద్దరూ చూసుకున్నారట. తేలనివి ప్రసవ తాళ్లే.

“తాళ్లు మూడు. యాడున్నయి సార్?”

లోపల ఉన్నాయన్నాను.

కొత్త డాక్టరు ఆలోచనలో పడ్డాడు. చూడకుండా సంతకం పెట్టకూడదు. చూడాలంటే తాళ్లు బయటికి రావాలి. తాళ్లు రావాలంటే దూడ రావాలి. చివరికి చొక్కా విప్పి గుంజకు తగిలించాడు. తాను లాగుతున్నది వైద్యం కింద కాదని, సామాను తనిఖీ కింద అని ఐలయ్యను సాక్షిగా పెట్టుకుని తాడు అందుకున్నాడు. నేను దూడ తల తిప్పాను, ఆయన లాగాడు. దూడ ప్రాణంతోనే బయటపడింది. సక్రి దాని ముక్కు తుడుస్తుంటే ఆయన తాళ్లు లెక్కపెట్టి సంతకం చేశాడు.

చికిత్స రిజిస్టరులో వైద్యుడి పేరు ఎవరిది రాయాలో మా ఇద్దరికీ తోచలేదు. ఐలయ్య ఆ గడిలో ‘బర్రె ఈనింది’ అని రాసి మూసేశాడు.

గుంటలో పడ్డ ఎద్దును, పని ముట్టకూడని విశ్రాంతి దినమైనా సరే, పైకి తీయాలని మా చర్చి సంఘంలో చిన్నప్పటి నుంచీ విన్నాను. దాన్ని ఆఫీసు ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో ఆ తండాలో నేర్చుకున్నాను. తర్వాత పై ఆఫీసులో ఉత్తర్వుల చిత్తుప్రతులు నేనే రాయవలసి వచ్చినప్పుడు, ‘విత్ ఇమ్మీడియట్ ఎఫెక్ట్’ను సస్పెన్షన్లకే ఉంచాను. మనిషిని అక్కడికక్కడ ఆపడమే వాటి ఉద్దేశం. బదిలీ అయితే, చేతిలో ఉన్న కేసు ముగించి చార్జి అప్పగించిన పిమ్మట అని రాశాను. వాక్యం పొడుగైపోతోందని టైపిస్టు గొణిగేవాడు. అయినా కుదించలేదు.