పోచవ్వ కొక్కెం

మా వాడకట్టులో నీళ్ళు కాచి తాగే ఇల్లు ఒక్క పోచవ్వదే. కట్టెలు కొనుక్కునే సిరిసిల్లలో అదో వింత. "నీళ్ళకు గూడ పోపు పెడుతున్నవా వదినె?" అని పక్కింటి సత్యవ్వ ఎగతాళి చేసేది. పోచవ్వ పట్టించుకునేది కాదు. ఆమె బిడ్డ బాలలక్ష్మికి నెల తిరక్కముందే వాంతులు, విరేచనాలు పట్టుకునేవి. నిరుడు ఏడో తరగతి పరీక్షలు అట్లాగే తప్పిపోయాయి. ఈసారీ రాయకపోతే బడి మానిపించి సాంచాల మీద పెడతానని తండ్రి దశరథం తేల్చేశాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. బిడ్డ పరీక్ష రాయాలి, పోచవ్వకు ఆ ఒక్కటే పట్టుదల.

దవాఖాన నర్సు చెప్పినవన్నీ చేసింది. కుండకు మూత పెట్టింది. దొడ్డికి పోయొస్తే సబ్బుతో చేతులు కడిగించింది. గోళ్ళు కత్తిరించింది. విరేచనాలప్పుడు నీళ్ళు పోయొద్దనే అత్త సమ్మవ్వతో కొట్లాడి మరీ, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించింది. పిల్ల తేరుకునేది. మళ్ళీ పడేది.

ఎందుకు పడుతోందో ఒక సాయంత్రం దశరథం పనిచేసే కార్ఖానాకు సద్ది తీసుకుపోయినప్పుడు తెలిసింది. బడి విడిచాక బాలలక్ష్మి తండ్రికి సాయంగా, సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలకు దారం ఎక్కించేది. నాడె బెజ్జానికి పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే దారపు కొస బయటికొస్తుంది. అక్కడ అందరూ చేసే పనే. బాలలక్ష్మి కంటే ముందు అదే నాడెను పక్క సాంచా ఐలయ్య పీల్చాడు. పొద్దున్నుంచీ చెంబు పట్టుకుని పరుగెడుతున్న మనిషి.

పోచవ్వ సన్నటి తీగ కొస వంచి కొక్కెం చేసి బిడ్డకిచ్చింది. కొక్కెంతో లాగితే ఆలస్యం, అంతసేపూ సాంచా ఆగుతుంది. కార్ఖానా నడిపే ఆసామి చంద్రమౌళి దాన్ని లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు.

"మా తాతలకెల్లి నోటితోనే పీలుస్తున్నం. నీ బిడ్డదేమన్న బంగారు నోరా?"

అన్నల సంఘం కూలిరేటు కోసం గోడల మీద పోస్టర్లు వేస్తున్న రోజులవి. పోలీసు జీపు చప్పుడైతే తలుపులు మూసుకునే కాలం. అయినా పోచవ్వ సంఘం మనిషి నర్సన్నను వెతుక్కుంటూ పోయింది. కార్ఖానాల్లో కొక్కేలు, సబ్బు, మూతున్న నీళ్ళకుండ కూడా కావాలని ఆ పోస్టర్లలో రాయమంది.

"గవి చిన్న ముచ్చట్లక్కా. ముందుగాల రేటు కానియ్యి," అన్నాడు నర్సన్న. ప్రజల కష్టాల మీద గంటసేపు మాట్లాడగలిగే మనిషి.

చంద్రమౌళి మాత్రం దాన్ని చిన్న ముచ్చట అనుకోలేదు. పోచవ్వ సంఘంతో తిరుగుతోందని పోలీసులకు చేరవేశాడు. పరీక్షల మొదటిరోజు పొద్దున్నే జీపు వచ్చింది. పోచవ్వను ఠాణా వరండాలో కూర్చోబెట్టి అడిగిందే అడిగారు. కొక్కెమంటే తుపాకిలో భాగమా అని ఒకడు నవ్వాడు.

"పిల్లలు నోట్లె పెట్టుకోకుంట దారం గుంజేది సారూ," అంది పోచవ్వ. నమ్మలేదు.

అటు జీపు పోగానే ఇటు బాలలక్ష్మికి విరేచనాలు మొదలయ్యాయి. కొక్కెం పోయాక నోటితోనే పీల్చింది మరి. ఇప్పుడు సమ్మవ్వకు అడ్డుచెప్పేవాళ్ళు లేరు. నీళ్ళు తాగితే ఇంకింత పోతుందని గ్లాసు దాచేసింది. పొద్దుగూకాక పోచవ్వ వచ్చేసరికి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి, నాలుక చెక్కలా ఎండిపోయింది. భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తింది. సెలైన్ ఎక్కించారు. పిల్ల బతికింది. పరీక్ష పోయింది. దశరథం అన్నంత పనీ చేశాడు.

మరుసటేడు చంద్రమౌళే అందరికీ కొక్కేలు పంచాడు. పిల్లల కడుపుల మీద దయ పుట్టి కాదు. ఉమ్ము తడికి తెల్లగుడ్డ మీద మరకలు పడుతున్నాయని వ్యాపారి తానులు తిప్పిపంపాడు, అందుకు.

బాలలక్ష్మి తన కొక్కెం తెచ్చి తల్లికి చూపించింది. పోచవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను జేసిందే నయముండె. గీ కొస సక్కగ వంచలే," అని, కాగిన నీళ్ళు దించడానికి లేచింది.