మా వాకిట్లో వాళ్ల నల్లా

దసరా వచ్చిందంటే మా అమ్మ దేన్నీ వదిలేది కాదు. నాన్న రెంచీలు, సైకిలు, కత్తిపీట, రోలు, అన్నింటికీ పసుపు కుంకుమ పడాల్సిందే. చివరికి వాకిట్లో నల్లా దగ్గరికి వచ్చేది. నల్లా పక్కనే ఒక రేకు బోర్డు ఉండేది, నీలం రంగు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో. అమ్మకు ఇంగ్లీషు రాదు. "ఎవరో పుణ్యాత్ములు పైసలిచ్చి పెట్టిచ్చిన్రు, వాళ్లు సల్లగుండాలె" అని ఆ బోర్డుకూ బొట్లు పెట్టి బంతిపూల దండ వేసేది. ఆ బోర్డు మీద రాసి ఉన్న బస్తీ పేరు మాది కాదు.

సంతోష్‌నగర్ వెనక కొంచెం ఎత్తు మీద ఉండేది మా గల్లీ. దాని కింద, మురికి కాలువ పక్కన ఇంకో బస్తీ ఉండేది. డెబ్బైల చివర్లో ఏదో దేశం వాళ్ల సాయంతో, కొంత సర్కారు గ్రాంటుతో ఆ దిగువ బస్తీకి నల్లా మంజూరైంది. మా నాన్న నీళ్ల శాఖలో ఫిట్టరు. లైను వేసింది ఆయన గ్యాంగే. ఆ లైను దిగువకు దిగకుండా మా వాకిట్లోనే ఆగిపోయింది.

నేనప్పుడు టైపు పరీక్ష పాసై కొత్తగా ఉద్యోగంలో చేరాను. బోర్డు పాతిన సాయంత్రమే చదివి నాన్నను అడిగాను.

"నాన్నా, గిది కింది బస్తీ పేరు గదా?"

"పైపులు తక్కువ పడ్డయ్ బిడ్డా."

"మరి బోర్డెందుకు?"

"పైసలిచ్చెటోళ్ల రూలు గది. ఎవరిచ్చిన్రు, ఎవరికిచ్చిన్రు, అందరికీ కనపడేటట్టు రాసిపెట్టాలె. లేకుంటే ముంగట పైసలు రావు. అయినా గల్లీల ఇంగ్లీషు సదివెటోళ్లు ఎవరున్నరు?"

నేనున్నాను కదా అనలేదు. తక్కువ పడ్డాయన్న పైపులు రెండు మా పెరట్లోనే నిలువుగా పాతి ఉన్నాయి. వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసుకునేవాళ్లం. నాన్నను దొంగ అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. నడుం నొప్పితో బిందె ఎత్తలేక అమ్మ గోడకానుకుని ఏడ్చిన రోజులు ఆయన చూశాడు, నేనూ చూశాను. దిగువ బస్తీ ఆడవాళ్లకూ నడుములు ఉంటాయన్న సంగతే ఇద్దరం మరిచిపోయాం.

నీళ్లు తెల్లారుజామున కాసేపే వచ్చేవి. ఎవరి వాకిట్లో నల్లా ఉంటే ముందు వాళ్ల బిందె నిండాలి, తర్వాత ఆ గల్లీ వాళ్లవి, బయటివాళ్లు ఆఖరున. ఎవరూ రాయని కట్టుబాటు అది, బోర్డు మీద రాసినదానికంటే గట్టిది. దిగువ నుంచి వచ్చే ఆడవాళ్లలో ఒకామెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి దుకాణంలో తొడిమెలు తీసే కూలి ఆమెది. వరుసలో ఆఖరుదాకా నిలబడితే సేటు ఆ రోజుకు వేరేవాళ్లను పెట్టుకుంటాడు, వెళ్లిపోతే ఇంట్లో నీళ్లుండవు. రోజూ ఇదే ఫికర్. అయినా బిందె నిండిన రోజు "నీ పుణ్యాన తాగుతున్నం చెల్లే" అని అమ్మకు దండం పెట్టేది. అప్పుడప్పుడు విరిగిన మిరపకాయలు కొంగులో కట్టి తెచ్చేది. వాటితో నూరిన తొక్కుతో అన్నం తింటుంటే నాకు కారం కంటే సిగ్గే ఎక్కువ తగిలేది.

ఒక రోజు సాయం ఇచ్చిన దేశం నుంచి పని చూడటానికి ఒక దొరసాని వస్తోందని కబురు వచ్చింది. నాన్న స్వయంగా దిగువకు వెళ్లి, మంచి చీరలు కట్టుకుని నల్లా దగ్గర నిలబడమని ఆడవాళ్లను పిలుచుకొచ్చాడు. మా గల్లీ వాళ్లను తలుపులు వేసుకోమన్నాడు. అమ్మ ఎందుకని కూడా అడగకుండా బోర్డు మీది బొట్లు కడిగింది.

దొరసాని తన వెంట వచ్చిన నీళ్ల శాఖ ఆఫీసరును మాట్లాడనివ్వలేదు. ఆడపిల్లలెవరికైనా ఇంగ్లీషు వచ్చా అని అడిగింది. నాన్న తల వంచుకుని నన్ను ముందుకు పంపాడు. ఆమె పెద్దమ్మ వైపు చూస్తూ ఒక ప్రశ్న వేసింది. కాస్త మార్చి చెప్పినా పట్టుకునే నాథుడు లేడు. అయినా నాకు మార్చబుద్ధి కాలేదు.

"పెద్దమ్మా, ఈ నల్లా మీ బస్తీకే ఇచ్చిన్రట. నీళ్లు సరిపోతున్నయా అని అడుగుతున్నది. తక్కువైతే ఇంకోటి ఏపిస్తదట."

"మాకా?" అంది పెద్దమ్మ మెల్లగా.

బోర్డును చూసింది, నాన్నను చూసింది, తలుపు సందులోంచి చూస్తున్న అమ్మను చూసింది. అమ్మకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది, చేత్తో నోరు మూసుకుంది.

"సరిపోతున్నయ్ బిడ్డా. మస్తొస్తున్నయ్. ఇంకోటెందుకు?" అంది పెద్దమ్మ.

ఆ మాటను ఇంగ్లీషులో పెట్టింది నేనే. ఒక్క తప్పు పోలేదు. దొరసాని సంతోషపడి, పెద్దమ్మను బోర్డు పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని దిగువకు వెళ్లింది. పెద్దమ్మ గడపలో కూర్చుని, మంట పుడుతున్న చేతులకు నూనె రాసుకుంటోంది.

"గట్లెందుకు చెప్పినవక్కా?"

"తక్కువన్ననే అనుకో, ఎందుకు తక్కువని కిందికి దిగి సూస్తరు, లైనే రాలేదని తెలుస్తది. మీ ఆయన నౌకరి ఏమైతది? నల్లా మాదని నాకు తెల్వనప్పుడు నా బిందె నింపిన దానివి నువ్వు."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మర్నాడు తెల్లారి మా బిందె పక్కకు తీసి పెద్దమ్మ బిందెను వరుసలో ముందు పెట్టింది. గల్లీ అంతా లొల్లి. "గిది వాళ్ల నల్లానే!" అని అమ్మ అరిచినా ఎవరూ వినలేదు. కొన్నాళ్లకు వరుస మళ్లీ పాత పద్ధతికే వచ్చింది, అమ్మ కూడా అలిసిపోయింది. నాన్న ఒక ఆదివారం పెరట్లో పైపులు పీకాడు, మళ్లీ తనే పాతాడు. "కాయిదాలల్ల పని అయిపోయింది. ఇప్పుడు తవ్వితే అప్పుడెందుకు తవ్వలేదంటరు" అన్నాడు. నీళ్లు సరిపోతున్నాయని రాసుకుపోయారు కాబట్టి రెండో నల్లా మాటే మళ్లీ రాలేదు.

ఆ ఏడు దసరాకు అమ్మ బోర్డుకు తాను బొట్టు పెట్టలేదు. కుంకుమ పళ్లెం పెద్దమ్మ చేతికిచ్చింది. పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ముందుగాల ఏం రాసుందో సదువు బిడ్డా. మావోళ్లందరు ఇంటరు."

గట్టిగా తెలుగులో చదివాను. వాళ్ల బస్తీ పేరు రాగానే ఆపమంది. ఏ అక్షరాలో చూపించమంది. చూపించాను. వాటి మీద వేలు పెట్టి అటూ ఇటూ నిమిరింది.

"పేరైతే మాదేనన్నట్టు" అని నవ్వి, అక్కడ ఇంత పెద్ద బొట్టు పెట్టింది. తర్వాత తన బిందె తీసుకుని వరుస చివరకు వెళ్లి నిలబడింది.

మా బిందె అప్పటికే నిండి ఉంది.