ఫ్యాను కింది కుర్చీ

మా ధర్మవరం ఇంట్లో టేబుల్ ఫ్యాను మెడ తిప్పినప్పుడల్లా కిర్రుమంటుంది. ఆ చప్పుడు వింటే హిందూపురంలో టైర్ల కొట్టు పైన గది, ఎండకు కాగిన రబ్బరు వాసన, కంప్యూటర్ నేర్పిన కుళ్లాయప్ప సార్ గుర్తుకొస్తారు. హిందూపురంలో మొట్టమొదట ప్రోగ్రామ్ రాసిన మొనగాణ్ణి నేనే. ఆ గదిలో ఉన్న ఒక్క ఫ్యాను కింది కుర్చీని సార్ నాకే రాసిచ్చేశారు.

సరే, కాస్త సాగదీశాను. నాకంటే ముందు ఆ మెట్లెక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. కుర్చీ మాట నిజమే, కారణం వేరు. పెనుకొండలో గుమాస్తాగా ఉన్న నన్ను, ఆఫీసుకు కంప్యూటర్లు వస్తున్నాయని నడివయసులో నేర్చుకోవడానికి పంపారు. కూడికలు చేసే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. మూసి మళ్లీ తెరిస్తే అంతా సున్నా. "సార్, ఇందాకటి లెక్క యాడికి పాయె?" అన్నాను. కుర్రాళ్లు గొల్లుమన్నారు. సార్ నవ్వలేదు. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి చూసి, "ఏమప్పా, యాడికి పాయెనో నువ్వు చెప్పు" అన్నారు. వాడికీ తెలీదని తేలాక సార్ అన్నారు, "తెలీకుంటే తప్పుల్యా. అడిగినాయన్ని ఫ్యాను కిందికి రానీ. మనం చుట్టూ నిలబడి చూద్దాం." ఆనాటి నుంచి అదే కట్టుబాటు, అడిగినవాళ్లకే గాలి. రేకుల కప్పు కింద ఉడికిపోతున్న ఆ కుర్రాళ్లు కూడా త్వరలోనే అడగడం మొదలుపెట్టారు. ఆ కుర్చీలో ఎక్కువగా కూర్చున్నది మాత్రం నేనే. ఎక్కువ తెలియనిది నాకే మరి.

ఇదంతా మొన్న ఎదురింటి శారద వల్ల పైకొచ్చింది. పట్టుచీరలు నేస్తూనే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. చీర అంచుకు ఏ రంగు పట్టు ఎంత కావాలో చెప్పే ప్రోగ్రామ్ రాసుకుంది. మూసి తెరిస్తే సున్నా. నా పాత ప్రశ్నే. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని పెట్టిన ఆన్‌లైన్ గ్రూపులో అడిగింది. "ఇది కూడా తెలీకుండా ఎందుకొచ్చారు?" అన్నాడొకడు. మరొకడు నవ్వే బొమ్మలు పెట్టాడు. కాసేపటికి ప్రశ్ననే తీసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లేమైనా తల్లి కడుపులోంచి కీబోర్డుతో ఊడిపడ్డారా? వెతుక్కోమంటారు. ఏం వెతకాలో తెలిస్తే అడగడమెందుకు? తెలిసినవాళ్లు ఒకరి వీపు ఒకరు తట్టుకోవడానికైతే ఆ తలుపు మీద 'నేర్చుకోండి' అని రాయడమెందుకు? ప్రశ్నను చెరిపేస్తే గోడ శుభ్రంగానే ఉంటుంది. మనిషే వెళ్లిపోతుంది. శారద ఫోను నా బల్ల మీద పెట్టి, "చాలు మామా. ఇది మన్లాంటోళ్లకు కాదు, ఇడిసేస్తా" అంది.

నేను నిటారుగా కూర్చుని విడమరిచి చెప్పాను. ప్రోగ్రామ్‌కు నడిచినంతసేపే జ్ఞాపకం, దాచమని చెప్పకపోతే ఏదీ దాచదు అని. గ్రూపులో వాళ్లనూ దులిపేశాను. మర్నాడు శారద అక్కడే ఇంకో ప్రశ్న అడిగింది. సార్ ఇప్పుడు లేరు. ఆయనిచ్చిన ఆ విద్య మాత్రం నా దగ్గర చెక్కుచెదరలేదు.

ఇంతవరకూ రాసి శారదకు చదివి వినిపించాను.

"ఏం విడమరిచినావు మామా? నాకూ మతికి లేదు, మర్చిపోయినా అంటివి. ఇద్దరం కలిసి ఎతికితే జవాబు నాకు దొరికె. గ్రూపులో నువ్వు ఒక్క మాట రాయల్యా, తిట్లన్నీ ఈడ నా ముందరే. నేను మళ్లా అడిగింది నీ విద్య చూసి కాదు. నీకు చెమటలు కారుతాంటే ఫ్యాను మెడ తిరక్కుండా గాలంతా నా పక్కకే నిలిపేస్తివి. అది రాయకుండా ఇంత ఎందుకు రాస్తివి?"